విజయనగర వరాహం: రాజముద్ర నుంచి జనవిశ్వాసం దాకా

వ్యాససంగ్రహం

విజయనగర సామ్రాజ్యపు బంగారు నాణెమైన వరాహం, ఆ సామ్రాజ్యం పతనమైన తర్వాత కూడ రెండున్నర శతాబ్దాలపాటు దక్షిణ భారతదేశంలో చెలామణి అయింది. దానిని ముద్రించినవారిలో నాయక రాజులు, మైసూరు సుల్తానులు, ఐరోపా వర్తక సంఘాలవారు కూడ ఉన్నారు. ఒక రాజ్యపు నాణెం ఆ రాజ్యం లేకుండా ఎలా నిలిచిందన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. నాణెంపై గల బొమ్మ, పేరు, తూకం అనే మూడు అంశాలు కాలక్రమంలో పొందిన మార్పులను విదేశ యాత్రికుల రచనలతోను, ఫిరిష్తా చరిత్రతోను, తెలుగు సాహిత్య సంప్రదాయంతోను సమన్వయించి, వరాహం విలువకు ఆధారం రాజాజ్ఞ ఒక్కటే కాదని, దానిని పరీక్షించి స్వీకరించిన వర్తక సమాజపు విశ్వాసమే ప్రధానాధారమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: విజయనగరం, వరాహం, పణం, టంకశాల, షరాబు, నాణెశాస్త్రం, రామమాడలు.

1. ప్రవేశిక

తెలుగు కథాప్రపంచంలో రాజ్యాలకు కొదవ లేదు. వాటిలో చాలావరకు ఏ పటంలోను కనబడవు. రాజు పేరు కల్పితం, నగరం పేరు కల్పితం, కాలం చెప్పనే చెప్పరు. అయినా ఆ రాజు పండితునికో, సాహసికో బహుమతి ఇచ్చేటప్పుడు ఇచ్చేది మాత్రం 'వెయ్యి వరహాలు'. తెనాలి రామకృష్ణుని పేర ప్రచారంలో ఉన్న కథల్లో ఈ మాట రావడం సహజమే. ఆ కథల రంగస్థలం విజయనగరం. విజయనగరంతో ఏ సంబంధమూ లేని ఊహారాజ్యాలలో కూడ అదే నాణెం చెలామణి కావడం ఆలోచించదగిన విషయం. కథకుడు రాజ్యాన్ని కల్పించగలిగాడు కాని, దానికొక కొత్త నాణేన్ని కల్పించే అవసరం అతనికి కలగలేదు. వరహా అనగానే వినేవారికి అది బంగారమని, దాని విలువ గొప్పదని, దానిని ఎక్కడైనా తీసుకొంటారని తెలుసు.

కథలో జరిగిన ఈ పని చరిత్రలోనూ జరిగింది. క్రీ.శ. 1565లో రాక్షసి-తంగడి యుద్ధం విజయనగరాన్ని దెబ్బతీసింది. పదిహేడవ శతాబ్ది మధ్యనాటికి ఆ రాజ్యం పేరుకు మాత్రమే మిగిలింది. కాని వరాహం పోలేదు. వేరువేరు మతాలవారు, దేశాలవారు దానిని అదే తూకంతో, చాలాచోట్ల అవే బొమ్మలతో ముద్రిస్తూ వచ్చారు. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వెండి రూపాయిని ప్రమాణ నాణెంగా ప్రకటించిన 1818 దాకా అది దక్షిణాది లెక్కలకు కొలమానంగా నిలిచింది.

నాణేలపై పరిశోధన సాధారణంగా వాటిని రాజుల వరుసక్రమంలో వర్ణించే పద్ధతిలో సాగింది. వాల్టర్ ఇలియట్, హుల్ట్‌జ్ మొదలైన తొలితరం పండితులు వేసిన ఆ పునాది లేకుండా తరువాతి పరిశోధన సాధ్యం కాదు. అయితే ఆ వరుసక్రమం రాజుతో మొదలై రాజుతో ముగుస్తుంది. నాణెం జీవితం మాత్రం టంకశాల గడప దాటిన తర్వాతనే మొదలవుతుంది. ఈ వ్యాసం ఆ రెండవ జీవితాన్ని అనుసరించే ప్రయత్నం.

2. పేరు, తూకం, విభాగాలు

'వరాహం' అనే పేరు చాళుక్యుల వరాహ లాంఛనం నుంచి వచ్చిందని పండితుల సాధారణాభిప్రాయం. విజయనగర రాజముద్రలో కూడ సూర్యుడు, కత్తితోపాటు వరాహం కనిపిస్తుంది. కాని వరాహమనే పేరుగల ఆ నాణెంపై వరాహం బొమ్మ సాధారణంగా ఉండదు. పేరు ఒక పాత సంప్రదాయం నుంచి వచ్చింది. బొమ్మ కొత్త రాజవంశపు ఎంపిక. కన్నడంలో దీనిని 'హొన్ను' అన్నారు. పారసీక రచనల్లో అది 'హున్' అయింది. పోర్చుగీసువారు 'పర్దావు' అన్నారు. ఆ మాట 'ప్రతాప' శబ్దభవమని చెబుతారు. ఆంగ్లేయులు 'పగోడా' అన్నారు. పిలిచిన పేర్లు ఎన్ని ఉన్నా, ముట్టుకొన్న వస్తువు ఒకటే.

దాని తూకం సుమారు 52 గ్రెయిన్లు, అంటే 3.4 గ్రాములు. వ్యాసం పన్నెండు మిల్లీమీటర్లకు అటూఇటుగా ఉంటుంది. చూడడానికి చింతగింజ కంటె పెద్దది కాదు గాని, మందంగా, బిగువుగా ఉంటుంది. దానిలో సగం 'ప్రతాప'. అంతకంటె చిన్నది 'పణం'. వాటికింద వెండి 'తార', రాగి 'జితల్' ఉండేవి. ఈ విభాగాలను స్పష్టంగా పేర్కొన్నవాడు 1443లో రెండవ దేవరాయల కొలువుకు వచ్చిన పారసీక రాయబారి అబ్దుర్ రజాక్. అతని లెక్క ప్రకారం ప్రతాపలో పదవ వంతు పణం. పణంలో ఆరవ వంతు తార. తారలో మూడవ వంతు జితల్. ఈ నాణేలన్నిటిలో ఎక్కువ ఉపయోగపడేది పణమేనని కూడ అతడు గమనించాడు. రాజ్యంలోని అన్ని ప్రాంతాలనుంచి నిర్ణీత సమయంలో బంగారం టంకశాలకు చేరుతుందని అతడు రాసిన మాట, నాణెముద్రణ కేంద్ర పర్యవేక్షణలో ఉండేదని సూచిస్తుంది.

తెలుగు సాహిత్య విద్యార్థులకు ఇదే కొలువు మరొక కారణంగా సుపరిచితం. గౌడ డిండిమభట్టును ఓడించిన శ్రీనాథునికి ప్రౌఢదేవరాయలు దీనార టంకాలతో కనకాభిషేకం చేయించాడన్నది ప్రసిద్ధ సాహిత్య సంప్రదాయం. ఇక్కడ ఒక చిక్కు ఉంది. దేవరాయల నాణేలపై 'దీనారం' అనే పేరు లేదు. 'టంకం' అనే పేరూ లేదు. 'దీనారం' రోమను దెనారియస్ నుంచి సంస్కృతంలోకి వచ్చి గుప్తుల కాలంనాటికే స్థిరపడిన మాట. 'టంకం' ఢిల్లీ సుల్తానుల కాలంలో బహుళ ప్రచారం పొందినది. కవిలోకం రాజు ఔదార్యాన్ని తన సంప్రదాయంలోని గౌరవప్రదమైన నాణెనామంతో కొలిచింది. అబ్దుర్ రజాక్ కూడ వరాహం విలువను తనకు తెలిసిన దీనారు లెక్కలోకి మార్చి చెప్పాడు. కాబట్టి కావ్యాలలోని మాడ, నిష్కం, దీనారం, టంకం వంటి పదాలను ఆ కాలపు చెలామణికి నేరుగా సాక్ష్యంగా తీసుకోవడం తొందరపాటు అవుతుంది. శాసనాల్లో కానుకలు, పన్నులు లెక్కించిన గద్యాణ, వరాహ, పణ, చిన్న శబ్దాలే ఈ విషయంలో దృఢమైన ఆధారాలు.

3. ఒకవైపు దేవుడు, మరొకవైపు రాజు పేరు

సంగమ వంశపు తొలి వరాహాలపై హనుమంతుడు, గరుడుడు కనిపిస్తారు. రెండవ హరిహరరాయల కాలంలో (1377-1404) నాణెరూపం స్థిరపడింది. ముందువైపు దేవతాదంపతులు: ఉమామహేశ్వరులు, లక్ష్మీనారాయణులు, లక్ష్మీనరసింహులు, సరస్వతీబ్రహ్మలు. వెనుకవైపు నాగరి లిపిలో 'శ్రీ ప్రతాప హరిహర' అని రాజు పేరు. ఆ తరువాతి రాజులు దాదాపు ఈ పద్ధతినే అనుసరించారు. బంగారు వరాహంపై రాజు రూపం లేకపోవడం గమనించదగినది. రోమను చక్రవర్తులు, గుప్తచక్రవర్తులు తమ ఆకృతిని నాణెంపై నిలిపారు. విజయనగర రాజులు దేవుని బొమ్మను ముందు నిలిపి, తమ పేరును వెనుక ఉంచారు. విరూపాక్షుని పేరిట పాలిస్తున్నామని చెప్పుకొన్న, శాసనాలకు 'శ్రీ విరూపాక్ష' అని చేవ్రాలు పెట్టిన వంశానికి ఇది తగిన పద్ధతే.

తుళువ వంశంలో శ్రీకృష్ణదేవరాయలు (1509-1529) ఈ రూపాన్ని కొంత మార్చాడు. ఆయన నాణేలలో ఎక్కువగా చర్చకు వచ్చినది ఒక మూర్తి మాత్రమే ఆసీనమై ఉన్న రకం. ఆ మూర్తిని దుర్గగా గుర్తించినవారు ఉన్నారు. 1514లో ఉదయగిరి దుర్గాన్ని గెలిచి అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని రాజధానికి తెచ్చి ప్రతిష్ఠించిన ఘట్టంతో ముడిపెట్టి, దానిని బాలకృష్ణునిగా గుర్తించడమే ఎక్కువమందికి సమ్మతం. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన దొమింగో పాయెస్ రచన ఈ మార్పుకు సమకాలిక సాక్ష్యం. పర్దావు నాణెంపై ఒకవైపు రెండు బొమ్మలు, రెండవవైపు ముద్రింపించిన రాజు పేరు ఉంటాయని, ప్రస్తుత రాజు వేయించిన వాటిపై మాత్రం ఒకే బొమ్మ ఉందని, ఆ నాణెం భారతదేశమంతటా చెల్లుతుందని అతడు రాశాడు. పరదేశి యాత్రికుని దృష్టికి సైతం పాతరకం, కొత్తరకం తేడా కనిపించిందంటే, పాత రాజుల నాణేలు కొత్తవాటితోపాటే బజారులో తిరుగుతున్నాయని అర్థం. పాత నాణేలను రద్దు చేయవలసిన అవసరం కృష్ణరాయలకు కలగలేదు. తూకం ఒకటే కనుక బొమ్మ మారినా నాణెం చెల్లింది.

ఇక్కడ లిపి విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తెలుగులో ఆముక్తమాల్యదను రచించిన రాజు తన వరాహంపై 'శ్రీ ప్రతాప కృష్ణరాయ' అన్న పేరును నాగరి లిపిలో వేయించాడు. దీనిని భాషాభిమానానికి సంబంధించిన వైరుధ్యంగా చూడనక్కరలేదు. కావ్యానికి పాఠకులు తెలుగువారు. వరాహం మాత్రం కన్నడ, తెలుగు, తమిళ ప్రాంతాలు దాటి గోవా రేవుదాకా, దక్కను సుల్తానుల బజార్లదాకా ప్రయాణించవలసినది. ఒక్క ప్రాంతానికి పరిమితం కాని లిపి దానికి అనువుగా తోచి ఉండవచ్చు. పైగా నాణెం అందుకొన్న వారిలో ఎక్కువమంది చదివింది అక్షరాలను కాదు. చూసింది బొమ్మను, ఎంచింది బరువును.

అచ్యుతదేవరాయల కాలంలో (1529-1542) వరాహంపై గండభేరుండం వెలసింది. రెండు తలల ఆ ఊహాపక్షి ముక్కులతోను, గోళ్లతోను ఏనుగులను పట్టుకొని ఉంటుంది. ఏనుగు రెండవ దేవరాయల రాగి నాణేలపై కనిపించే జంతువు. 'గజబేంటెకార' ఆయన బిరుదు. ఏనుగును వేటాడిన రాజునుంచి ఏనుగులను ఎత్తుకుపోయే పక్షిదాకా నాణెంపై రాజప్రతాప వర్ణన ఇలా పెరిగింది. బొమ్మ ఎంత అద్భుతమైనదైనా దాని కింది తూకం మాత్రం 52 గ్రెయిన్ల దగ్గరే ఆగింది. రాజుకు స్వేచ్ఛ ఉన్నది బొమ్మలో మాత్రమే, తూకంలో కాదు.

4. షరాబుల ప్రాణాలు తీసిన నాణెం

తూకం మార్చే స్వేచ్ఛ రాజుకు ఎందుకు లేదు? నాణేన్ని గీటురాయిపై గీసి, వన్నె చూసి, తూచి తీసుకొనే షరాబు ఒకడు ప్రతి బజారులోనూ ఉన్నాడు. రాజు బంగారంలో రాగి కలిపితే, షరాబు దానికి వట్టం కోస్తాడు. ఈ శక్తి ఎంతటిదో చెప్పే కఠోరమైన కథనం ఒకటి ఫిరిష్తా చరిత్రలో ఉంది.

బహమనీ సుల్తాను మొదటి మహమ్మద్‌షా తన పేర బంగారు, వెండి నాణేలు ముద్రింపించాడు. విజయనగర, తెలంగాణ రాజుల ప్రోద్బలంతో దక్కనులోని హిందూ షరాబులు, కంసాలులు ఆ నాణేలను కరిగించివేశారని, హున్, ప్రతాప నాణేలే చెలామణిలో ఉండాలన్నది వారి ఉద్దేశమని ఫిరిష్తా రాశాడు. సుల్తాను హెచ్చరికలు పనిచేయలేదు. చివరకు 1360లో తన రాజ్యంలోని అటువంటి షరాబులందరినీ సంహరించవలసిందిగా ఆజ్ఞాపించాడని, ఆ తరువాత ఉత్తరాదినుంచి వచ్చిన ఖత్రీలకే ఆ వృత్తి అప్పగించాడని ఆ కథనం.

ఫిరిష్తా బీజాపూరులో ఉండి ఈ చరిత్ర రాసింది పదిహేడవ శతాబ్ది తొలినాళ్లలో. చెప్పిన ఘటనకూ అతనికీ మధ్య రెండున్నర శతాబ్దాల దూరం ఉంది. వర్తకుల చర్య వెనుక పొరుగు రాజుల కుట్రను చూడడం ఆస్థాన చరిత్రకారుని దృష్టికి సహజం. షరాబుల వైపునుంచి ఆలోచిస్తే మరొక కారణం కనిపిస్తుంది. దక్కను రైతుకు, వర్తకునికి, గుడి లెక్కలు రాసే కరణానికి తరతరాలుగా తెలిసినది హొన్ను తూకం. కొత్త టంకం బరువు వేరు, ప్రమాణం వేరు. తెలియని నాణేన్ని కరిగించి, తెలిసిన నాణెంగా మార్చుకోవడం వారికి వృత్తిధర్మం. కుట్ర అవునో కాదో గాని, ఆ కథనంలో ఒక సత్యం మాత్రం స్పష్టం: తన పేరు ముద్రించినంతమాత్రాన నాణెం చెల్లదని సుల్తాను గ్రహించాడు. చెల్లించగల శక్తి తన ఆజ్ఞలో గాక మరెవరి చేతిలోనో ఉందన్న కోపమే ఆ సంహారానికి మూలం.

అంత హింస తర్వాత కూడ ఫలితం సుల్తాను కోరినట్టు లేదు. బహమనీ రాజ్యంలోను, దాని వారసులైన సుల్తానుల రాజ్యాలలోను హొన్నుల వాడకం ఎంత విస్తృతమో ఫిలిప్ వాగనర్ పరిశోధన విశదం చేసింది. గోల్కొండ కుతుబ్‌షాహీల సొంత నాణేలలో ప్రధానమైనవి రాగివి. పెద్ద లెక్కలు హున్నులలోనే నడిచాయి. మద్రాసు పట్టణానికి ఆంగ్లేయ కంపెనీ గోల్కొండకు చెల్లించవలసిన వార్షిక కప్పం 1672 ఒడంబడికలో 1,200 పగోడాలుగా స్థిరపడింది. రాజకీయంగా విజయనగరాన్ని ఓడించినవారు కూడ విజయనగర నాణెంలోనే తమ ఆదాయాన్ని లెక్కించుకొన్నారు.

5. బంగారానికి దేశమంతా, రాగికి ఒక్క ఊరు

వరాహాన్ని అందరూ విశ్వసించారన్నప్పుడు, ఆ 'అందరూ' ఎవరన్న ప్రశ్న అడగక తప్పదు. 1535 ప్రాంతంలో రచన చేసిన నూనిజ్ అమరనాయకుల భూముల ఆదాయం 120 లక్షల పర్దావులని, అందులో 60 లక్షలు రాజుకు చేరతాయని, మిగిలినవి సైన్యపోషణకని చెప్పాడు. రాజు ఏటా పదమూడు వేల గుర్రాలు కొంటాడని కూడ అతని లెక్క. ఈ అంకెలను యథాతథంగా స్వీకరించకపోయినా, వరాహం ప్రధానంగా తిరిగిన దారి ఏదో వీటివల్ల తెలుస్తుంది. నాయకునినుంచి రాజుకు, రాజునుంచి గుర్రాల వర్తకునికి, వర్తకునినుంచి రేవుకు. ఆముక్తమాల్యద రాజనీతి భాగంలో రేవులను వృద్ధిచేసి, పరదేశ వర్తకులను ఆదరించి, గుర్రాలు ఏనుగులు శత్రువులకు చేరకుండ చూడాలన్న ఉపదేశం ఈ దారిని బాగుగా ఎరిగిన పాలకుని మాట.

రైతు చేతిలో ఆడినది ఆ వరాహం కాదు. అతని సంతలో చెల్లినవి కాసులు, జితళ్లు, మహా అయితే పణాలు. ఆ రాగి స్థితి ఎలా ఉండేదో 1567లో ఈ ప్రాంతంలో ప్రయాణించిన వెనిస్ వర్తకుడు చెజారె ఫెదెరిచి చెప్పాడు. దాదాపు ప్రతిరోజూ కొత్త అధికారి ఏలుబడిలోకి ప్రవేశించవలసి వచ్చిందని, వారందరూ విజయనగర రాజుకు కప్పం కట్టేవారే అయినా ఎవరి రాగి నాణెం వారిదేనని, ఈరోజు తీసుకొన్న డబ్బు మరునాటికి పనికిరాలేదని అతని ఫిర్యాదు. రాక్షసి-తంగడి యుద్ధం జరిగి అప్పటికి రెండేళ్లే. కేంద్రాధికారం సడలిన స్థితి అందులో ఉంది. అయితే రాగి నాణెం స్థానికంగా ఉండడం ఆ యుద్ధం ఒక్కదానివల్ల వచ్చినది కాదు. లోహం విలువ తక్కువైనప్పుడు దూరం మోసుకుపోవడానికి ఎవరూ సాహసించరు.

ఈ రెండంతస్తుల వ్యవస్థలో నష్టం ఎవరిదన్నది స్పష్టమే. పంట అమ్మిన రైతుకు వచ్చేది రాగి, లేదా చిల్లర పణాలు. శిస్తు లెక్క వరాహాలలో. రాగిని బంగారంగా మార్చే ప్రతిచోటా షరాబు వట్టం ఉంది. సామ్రాజ్యపు ఐక్యతకు గుర్తుగా మనం కొనియాడే వరాహం, గ్రామస్థుని దృష్టిలో మారకపు నష్టంతో గాని అందని వస్తువు. వర్తక సమాజపు విశ్వాసమని ఈ వ్యాసం పేర్కొనేదానిలో ఈ అసమానత కూడ భాగమే.

6. రాజు పేరు తొలగిన నాణెం

1565 తరువాత అరవీటి వంశంవారు పెనుకొండ, చంద్రగిరి, వేలూరులనుంచి పాలించారు. తిరుమలరాయల వరాహంపై సీతారామలక్ష్మణులు వెలిశారు. వేంకటపతిరాయల కాలానికి ఆపాదించే వరాహంపై తోరణం కింద నిలుచున్న వేంకటేశ్వరుడు. వెనుకవైపు 'శ్రీ వేంకటేశ్వరాయ నమః' అనే నమస్కారవాక్యం. రెండు శతాబ్దాలుగా 'శ్రీ ప్రతాప' అంటూ సాగిన రాజు పేరు అక్కడ లేదు.

దీనికి భక్తి ఒక వివరణ. అరవీటి రాజులకు తిరుమల వేంకటేశ్వరునితో గల అనుబంధం తెలిసినదే. దేవుని పేరే రాజు పేరు కూడ కావడంతో ఆ వాక్యానికి ఒక శ్లేషచ్ఛాయ ఏర్పడింది. కారణం ఏదైనా, ఫలితం మాత్రం దూరగామి అయింది. రాజు పేరున్న నాణేన్ని మరొకరు ముద్రిస్తే అది దొంగనాణెం. దేవుని పేరు మాత్రమే ఉన్న నాణేన్ని ఎవరు ముద్రించినా అది వరాహమే.

ఆ అవకాశాన్ని మొదట ఉపయోగించుకొన్నవారిలో ఐరోపా వర్తకులున్నారు. 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు మద్రాసును ఆంగ్లేయ కంపెనీకి ఇచ్చినప్పుడు నాణెముద్రణ హక్కు కూడ ఆ దానంలో చేరి ఉంది. దేవేరులతో కూడిన వేంకటేశ్వరుని 'మూడు స్వాముల' వరాహాలు కంపెనీ టంకశాలనుంచి వెలువడ్డాయి. డచ్చివారు కోరమండల తీరంలోని తమ స్థావరాలలో వరాహాలు ముద్రించారు. ఈ నాణేల వెనుకవైపు అక్షరాలు లేవు. సన్నని చుక్కల రవ్వపని మాత్రమే ఉంది. పద్దెనిమిదవ శతాబ్దిలో మద్రాసు కంపెనీ ఆ చుక్కల నడుమ ఒక నక్షత్రం ఉంచింది. అదే 'స్టార్ పగోడా'. క్రైస్తవ వర్తకసంఘం విష్ణుమూర్తి బొమ్మగల నాణేన్ని ముద్రించడం వింతగా తోచవచ్చు. చేనేతగాండ్రకు బయానా ఇవ్వాలంటే వారు తీసుకొనే నాణెమే ఇవ్వాలి. అంతకుమించిన రహస్యం అందులో లేదు.

మైసూరు ఉదాహరణ ఇంకా సూచకమైనది. ఇక్కేరి నాయకులు ఉమామహేశ్వర వరాహాన్ని కొనసాగించారు. 1763లో హైదరాలీ బిదనూరును జయించి, ఆ బొమ్మను అలాగే ఉంచి, వెనుకవైపు చుక్కల నడుమ తన పేరులోని పారసీక తొలి అక్షరాన్ని మాత్రం చేర్చాడు. ఆయన కుమారుడు టిప్పు సుల్తాను దేవతామూర్తులను తొలగించి పారసీక వాక్యాలు వేయించాడు; అయినా వరాహపు తూకాన్ని వదలలేదు. 1799లో టిప్పు పతనమయ్యాక మూడవ కృష్ణరాజ ఒడయరు పేరిట మళ్లీ శివపార్వతుల వరాహం వచ్చింది. ఈ మూడు దశలను పక్కపక్కన పెట్టి చూస్తే, బొమ్మ రాజకీయానికి లోబడిందని, తూకం మాత్రం లోబడలేదని తేలుతుంది.

బంగారం విలువే అసలు కారణమైతే ఈ చర్చ అంతా ఎందుకన్న ఆక్షేపణ రావచ్చు. బంగారం కడ్డీగా కూడ బంగారమే. కాని కడ్డీని ప్రతిసారీ తూచాలి, ప్రతిసారీ గీయాలి. పరిచిత రూపంగల నాణెం ఆ శ్రమను తగ్గిస్తుంది. హైదరాలీ శివపార్వతులను ఉంచింది ఆ పరిచయం కోసమే. ఆ విధంగా దేవతామూర్తి భక్తులకు పూజ్యమైనదిగాను, షరాబుకు పోల్చుకొనే గుర్తుగాను ఏకకాలంలో పనిచేసింది.

7. రామమాడలు: జనస్మృతిలో నాణెం

దేవుని బొమ్మగల నాణెం జనం ఊహలో ఏమైందో భద్రాచల రామదాసు కథ చూపుతుంది. తానాషా కాలంలో శిస్తు సొమ్మును ఆలయానికి వెచ్చించి కారాగారం పాలైన కంచర్ల గోపన్న కోసం, రామలక్ష్మణులే మారువేషంలో వచ్చి ఆరు లక్షల సొమ్మును చెల్లించి రసీదు పుచ్చుకొన్నారన్నది ఐతిహ్యం. వారు చెల్లించినవి 'రామమాడలు'. శ్రీరామ పట్టాభిషేక దృశ్యంగల రామటంకాలు పూజామందిరాల్లో ఉంచుకొనే పవిత్ర ముద్రికలే గాని, బజారులో తిరిగిన నాణేలు కావు.

ఈ ఐతిహ్యాన్ని చారిత్రక ఘటనగా నిరూపించడం గాని, కొట్టివేయడం గాని ఇక్కడి ఉద్దేశం కాదు. దానిలోని ఆర్థికభావన గమనించదగినది. పరమతస్థుడైన పాలకుడు ఆ సొమ్మును లెక్కించి స్వీకరించాడని, రసీదు ఇచ్చాడని కథ చెబుతుంది. దేవుడు సైతం బాకీని మాఫీ చేయించలేదు. చెల్లే నాణెంలో చెల్లించాడు. శతాబ్దాలుగా దేవతామూర్తి ఉన్న వరాహాలలోనే శిస్తు లెక్కలు విన్న సమాజం మాత్రమే ఇటువంటి కథను ఇంత సహజంగా ఊహించగలదు.

8. వరాహం అస్తమయం

1800లో నిజాం కంపెనీకి వదలుకొన్న దత్తమండలాలలో పూర్వపు విజయనగర రాజధాని ప్రాంతం కూడ ఉంది. అక్కడ థామస్ మన్రో జరిపిన భూమిశిస్తు బందోబస్తు లెక్కలు వరాహాలలోనే సాగాయి. రాయల సింహాసనం శిథిలమైన చోట రాయల నాణెం ఇంకా రైతు బాకీని కొలుస్తూనే ఉంది.

మద్రాసు లెక్కలో ఒక స్టార్ పగోడాకు 42 ఫణాలు, ఒక ఫణానికి 80 కాసులు. అంటే ఒక వరాహానికి 3,360 కాసులు. ఈ లెక్క పక్కనే ఆర్కాటు రూపాయిల లెక్క మరొకటి నడిచేది. ఉత్తరాదినుంచి వచ్చిన వెండి రూపాయి క్రమంగా బలపడింది. 1807 తరువాతి సంవత్సరాలలో కంపెనీ వెండితో అర, పావు పగోడాలను యంత్రాలపై ముద్రించింది. వాటిపై గోపురం, విష్ణుమూర్తి, చుట్టూ ఆంగ్ల, పారసీక అక్షరాలతోపాటు తమిళ, తెలుగు అక్షరాలు ఉన్నాయి. బంగారం పోయి వెండి వచ్చినా పేరు నిలవడం, కృష్ణరాయల వరాహంపై లేని తెలుగు లిపి కంపెనీ నాణెంపై చేరడం ఈ చరిత్రలోని విశేషాలు.

1818లో వెండి రూపాయి మద్రాసు రాజధానికి ప్రమాణ నాణెమైంది. నూరు వరాహాలకు 350 రూపాయలుగా మారకం నిర్ణయమైంది. 1835 చట్టంతో కంపెనీ పాలిత భారతమంతటికీ ఒకే రూపాయి వచ్చింది; దానిపై ఇంగ్లండు రాజు నాలుగవ విలియం ముఖం. దేవుని బొమ్మ, చుక్కల రవ్వ ఉన్నచోట ఎన్నడూ చూడని రాజు ముఖం నిలిచింది. ఆ రూపాయి చెల్లడానికి షరాబు గీటురాయి అవసరం క్రమంగా తగ్గింది. చట్టం, ఖజానా, ఒకే అచ్చులో వేల నాణేలు పోసే యంత్రం ఆ స్థానాన్ని ఆక్రమించాయి. ఊరూరా మారకపు నష్టం తగ్గడం అందులో మేలు. నాణేన్ని కాదనగల స్థానికుని అధికారం పోవడం దానికి చెల్లించిన మూల్యం.

9. ముగింపు

విజయనగర వరాహం చరిత్రలో మూడు దశలు స్పష్టమవుతున్నాయి. మొదటిది, ఒకవైపు దేవుని రూపం, మరొకవైపు రాజు పేరు ఉన్న దశ. రెండవది, రాజు పేరు తొలగి దేవుని పేరు మాత్రమే మిగిలిన దశ. మూడవది, అక్షరాలన్నీ పోయి బొమ్మ, చుక్కలు, తూకం మాత్రమే నిలిచిన దశ. రాజాధికారం క్షీణించినకొద్దీ నాణెంపై దాని గుర్తులు తొలగుతూ వచ్చాయి. చెలామణి మాత్రం తొలగలేదు. షరాబులను సంహరించిన సుల్తాను తన టంకాన్ని హొన్నుకు బదులుగా నిలపలేకపోయాడు. దేవతామూర్తిని యథాతథంగా ఉంచిన హైదరాలీకి ఏ బలవంతమూ అవసరం కాలేదు.

కాబట్టి విజయనగర నాణేలను రాజవంశాల అనుబంధంగా మాత్రమే అధ్యయనం చేయడం చాలదు. స్థానిక కైఫీయతులు, ఆలయాల జమాఖర్చులు, దండకవిలెలు, వర్తక కుటుంబాల కవిలెలలో వరాహం, పణం, కాసుల మారకాన్ని గ్రామస్థాయిలో పరిశీలిస్తే, వట్టం రూపంలో ఎవరి కష్టం ఎవరికి చేరిందో చెప్పగల చరిత్ర రూపొందుతుంది. ఊహారాజ్యాల కథల్లో ఇప్పటికీ వినిపించే వెయ్యి వరహాలు ఆ చరిత్రకు ఒక చివరి కొస. కథలోని రాజు ఎవరైనా కావచ్చు. అతడిచ్చే నాణేన్ని శ్రోత సందేహించడు. ఐదువందల ఏండ్లపాటు గీటురాయిపై నిలిచిన నమ్మకం ఆ ఒక్క మాటలో ఇంకా మిగిలి ఉంది.